పై వాటా అబ్బాయి మిలిటరీ బండి

ప్రేమ్ కుమార్‌ను మా పాస్టరు గారు పంపారు. హైటెక్ సిటీలో కొత్తగా లేచిన అద్దాల మేడలో ఉద్యోగం, బెజవాడ కుర్రాడు, బుద్ధిమంతుడు అన్నారు. ఆదివారం చర్చికి తోడుగా వస్తాడు కదా అని మా పై వాటా అద్దెకిచ్చాం. కొన్నాళ్ళు వచ్చాడు కూడా. తర్వాత మిలిటరీ వేలంలో పాత జొంగా జీపు ఒకటి కొన్నాడు. అప్పటినుంచి అతని ఆదివారాలు ఆ జీపు కింద వెల్లకిలా పడుకోవడానికే సరిపోయాయి.

ఆ బండి మా పెరట్లోకి తన కాళ్ళ మీద రాలేదు. లారీ వెనక తాడు కట్టుకుని వచ్చింది. సైన్యం వాళ్ళు ఎక్కి, దిగి, అరగదీసి, ఇక మా వల్ల కాదని వదిలించుకున్న సరుకు. అడుగు రేకు తుప్పు పట్టి చిల్లులు పడింది. సీట్లలో ఎలుకలు పిల్లల్ని పెట్టాయి. దాన్ని చూసి అతను పెళ్ళికూతుర్ని చూసినట్టు మురిసిపోయాడు.

"రిస్టోర్ చేస్తున్నానండీ ఆంటీ," అన్నాడు.

"అంటే ఏమిటి బాబూ?"

"ఫ్యాక్టరీ నుంచి ఆర్మీకి వెళ్ళిన రోజు ఎలా ఉందో, అచ్చం అలా చేయడం."

"చేసి?"

"చేసి ఉంచుకోవడం."

నాకు చదువు తక్కువ, అర్థం కాలేదేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, అందులో అర్థం కావడానికి ఇంకేమీ లేదని.

ఆఫీసు నుంచి రాగానే గరుకు కాగితం పట్టుకుని రేకు రుద్దేవాడు. పాత రంగు కింద ఇంకో పాత రంగు బయటపడితే మా వారిని పిలిచి చూపించేవాడు. మా వారు చూసి, "రంగే," అని లోపలికి వచ్చేసేవారు. శత్రు విమానాలకు వెలుతురు కనపడకుండా ఆ బండి ముందు ముసుగు దీపం ఒకటి ఉంటుందట. దానికోసం రాణీగంజ్ పాత సామాను కొట్లన్నీ తిరిగి సంపాదించాడు. మా చందానగర్ మీదికి ఏ శత్రువు వస్తున్నాడో నేను అడగలేదు. మెట్ల కింద పంపు కారుతోంది, నీ దగ్గర ఇన్ని రెంచీలున్నాయి, కాస్త బిగించమని మాత్రం అడిగాను. "అది ప్లంబర్ పని ఆంటీ," అన్నాడు.

ఆ మిలిటరీ ఆకుపచ్చ రంగు మామూలు మనుషుల బండ్లకు వేయకూడదట. అందుకని రిజిస్ట్రేషన్ కోసం నీలం రంగు పూసి తీసుకువెళ్ళి, కాగితాలు చేతికి రాగానే మళ్ళీ ఆకుపచ్చ పూశాడు. నంబరు పలక మీద సైన్యం వాళ్ళకుండే పైకి చూసే బాణం కూడా గీశాడు. పాస్టరు గారిని పిలిచి బండికి ప్రార్థన చేయించాడు. ఆయన మెత్తని మనిషి, ప్రయాణాలలో కాపుదల దయచేయమని వేడుకున్నారు. అది ఖాజాగూడ రాళ్ళ దాకా వెళ్ళి, ఫొటోలు దిగి, తిరిగి వచ్చే బండి. అప్పటికి కార్గిల్‌లో యుద్ధం మొదలైంది. నిజంగా కొండల్లో ఉన్నవాళ్ళకు కావలసిన కాపుదలలో నుంచి దీనికి కూడా కాస్త తీసిపెట్టమని అడగవచ్చా అని ఆమెన్ చెప్పేటప్పుడు నాకు సందేహం కలిగింది.

ఆ కొండల్లో మొగిలి ఉన్నాడు. మొగిలి మా పక్క వీధి నీలమ్మకు ఒక్కగానొక్క కొడుకు, సైన్యంలో డ్రైవరు. నీలమ్మ బర్రెలు పెట్టుకుని పాలు అమ్ముతుంది. నేను రోజూ గిన్నె పట్టుకుని వాళ్ళింటికే వెళ్తాను. యుద్ధం మొదలైనప్పటినుంచి కొడుకు దగ్గరనుంచి ఉత్తరం లేదు. ఎవరో టీవీ చూసి వచ్చి, జవాను చనిపోతే ఆకుపచ్చ జీపులో ఆఫీసర్లు ఇంటికే వచ్చి చెప్తారని ఆమె చెవిన వేశారు. అప్పటినుంచి పాలు పోస్తూ పోస్తూ చెయ్యి ఆపేసేది.

"లీదియమ్మా, జీపు సప్పుడు గిట్ల ఇనవడ్డదా నీకు?"

"ఆటో, నీలమ్మా."

"మంచిగ ఇను జర."

ఒకరోజు పాల గిన్నెతో అలాగే ప్రేమ్ కుమార్ దగ్గరికి వెళ్ళి నీలమ్మ సంగతి చెప్పాను. "ఆ అబ్బాయి సంగతి తెలిసేదాకా రంగు మార్చు బాబూ. నీలం ఎలాగూ ఒకసారి వేశావు."

"ఒరిజినాలిటీ పోతుందండీ. ఇది మూడో కోటు."

"ఒక తల్లి ప్రాణం పోతుందయ్యా."

"నేను ఆవిడ వీధిలోకి వెళ్ళను ఆంటీ, ప్రామిస్. కవర్ కప్పి ఉంచుతా."

సరేనన్నాను. పెరట్లో పట్టా కప్పించాను. నీలమ్మకు ఆ బండి సంగతే చెప్పలేదు. ముందే తీసుకొచ్చి, ఇదిగో ఇలాంటి పిచ్చివాడు ఒకడు మా ఇంట్లో ఉన్నాడని చూపించి ఉంటే బాగుండేదేమో. అప్పుడు నాకు దాచడమే దయ అనిపించింది.

జూన్ నెలలో ఒక ఆదివారం అతని ఆఫీసు వాళ్ళు జవాన్ల కోసం ర్యాలీ పెట్టారు. పాత మిలిటరీ బండ్లున్న వాళ్ళంతా వాటిని తోలుకుంటూ హైటెక్ సిటీ దాకా వెళ్ళాలి. నేను చర్చి నుంచి వచ్చి ఇంకా తెల్లచీర కూడా మార్చలేదు, ప్రేమ్ కుమార్ చెమటలు కక్కుతూ నడిచి వచ్చాడు. మచ్చల మచ్చల మిలిటరీ చొక్కా, బూట్లు, టోపీ, నల్ల కళ్ళజోడు. గ్యాస్ బండ ఎత్తాలంటే నడుం నొప్పనే మనిషి.

"ఒక బకెట్ నీళ్ళు ఇవ్వండి ఆంటీ. రేడియేటర్ మరిగిపోయింది."

"ఎక్కడ?"

అతను పక్కకు చూశాడు. "మన వీధిలో నీళ్ళ ట్యాంకర్ అడ్డం ఉందండీ. ఒక్కసారే కదా అని పక్క వీధిలోకి తిప్పాను. అక్కడ ఒకావిడ, నీళ్ళడుగుదామని నేనూ మా ఫ్రెండూ తలుపు కొడితే, మమ్మల్ని చూసి లోపల గడియ పెట్టుకుంది." నవ్వాడు. "నిజం ఆర్మీ అనుకుందేమో."

రంగు మూడు కోట్లు. రేడియేటర్‌లో నీళ్ళున్నాయో లేదో చూడలేదు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను.

బండి సరిగ్గా నీలమ్మ గుమ్మం ముందు పొగలు కక్కుతోంది. అతని స్నేహితుడు, లావుపాటి అబ్బాయి, అదే వేషంలో ఇంకా తలుపు కొడుతున్నాడు. "అమ్మా, ఒక్కసారి తీయండి, ఒక్క మాట," అంటున్నాడు. అతన్ని రెక్క పట్టుకుని లాగాను. ప్రేమ్ కుమార్ కూడా నా వెనకే వచ్చాడు.

"నీలమ్మా, నేను. లీదియాను. తలుపు తియ్యి."

లోపలినుంచి ఆమె గొంతు ఏడుపు లేకుండా, గట్టిగా వచ్చింది. "పోర్రి. నాకేం చెప్పకుర్రి. మీరు చెప్పేదాక నా కొడుకు మంచిగనే ఉంటడు."

"వీళ్ళు మిలిటరీ వాళ్ళు కాదు. ఇతను మా పై వాటాలో ఉండే అబ్బాయి."

"నువ్వు దేవుని మనిషివి. మెల్లగ చెప్పెతందుకు నిన్ను తోలుకొచ్చిన్రు."

"ఒట్టు నీలమ్మా."

"నువ్వు ఒట్టు పెట్టుకోవు గద ఎన్నడు. ఇయాల ఎందుకు పెడ్తున్నవ్?"

ప్రేమ్ కుమార్ వైపు తిరిగి, "ఆ టోపీ, కళ్ళజోడు తియ్యి, నీ ముఖం కనపడాలి," అన్నాను. తీశాడు. టోపీ చేతిలో పట్టుకుని, ఏం చేయాలో తెలియక తల వంచుకుని నిలబడ్డాడు. కిటికీ సందులోంచి నీలమ్మ సన్నగా మూలిగింది.

"టోపి తీసిండు. గట్లనే తీస్తరంట."

నీళ్ళకు వచ్చామని వాళ్ళిద్దరూ ఒకరి తర్వాత ఒకరు చెప్పారు. ఆఫీసర్ల తెలుగు ఎంత బాగుందో అనుకుని ఉంటుంది. లోపల ఏదో బరువైనది తలుపుకు అడ్డం జరుపుతున్న చప్పుడైంది. దొడ్లో బర్రెలు అరుస్తున్నాయి. ప్రభువా, నా మాట నమ్మదు, ఒట్టు నమ్మదు, దేన్ని నమ్ముతుంది అని అడిగాను. గోడ పక్కన గంపలో పొద్దుటి పేడ ఉంది. నీలమ్మ పిడకలు కొట్టడానికి ఎత్తి పెట్టుకున్నది.

రెండు చేతులా ఒక ముద్ద తీసి, జీపు ముందు రేకు మీద ఫట్‌మని కొట్టాను. ఇంకో ముద్ద తీసి దాని పక్కన కొట్టాను. నంబరు పలక మీది బాణం పైన ఒకటి కొట్టాను.

"ఆంటీ, పెయింట్," అన్నాడు ప్రేమ్ కుమార్. కొరడా దెబ్బ తగిలినట్టు ఉంది ఆ గొంతు. తలుపు వెనక ఉన్న మనిషి కోసం అతని గొంతు అంతసేపూ ఒక్కసారి కూడా అలా కాలేదు.

కిటికీ రెక్క కొంచెం తెరుచుకుంది.

"ఏందది? సర్కారు బండి మీద పిడకలు కొడ్తున్నవా?"

"సర్కారుది కాదు నీలమ్మా."

"పట్టుకపోతరు నిన్ను."

"పట్టుకుపోరు. చూడు వాళ్ళను."

ఆమె చూసింది. ప్రేమ్ కుమార్ చేతిరుమాలుతో పేడను అద్దుతూ, రుద్దితే రంగు గీరుకుపోతుందేమోనని ఊదుతూ, ఏడవడానికి సిద్ధంగా ఉన్నాడు. లావుపాటి అబ్బాయి అటు తిరిగి నిలబడ్డాడు. చాలాసేపు చూసింది. తర్వాత ఆ బరువైనదేదో వెనక్కి జరిగింది. గడియ తీసిన చప్పుడైంది.

బయటికి వచ్చి మెట్టు మీద కూర్చుంది. నేను పేడ చేతులతోనే పక్కన కూర్చున్నాను.

"నీళ్ళకొచ్చిన్రా?"

"అవును."

లేచి వెళ్ళి బిందె తెచ్చి వాళ్ళ ముందు పెట్టింది. వాళ్ళు రేడియేటర్ మూత తీసి నీళ్ళు పోస్తుంటే చూస్తూ నిలబడింది.

"ఏం జేస్తడు దీంతోని?" అని నన్ను అడిగింది.

"తోముతాడు."

"తోమి?"

"ఎండకు ఉంచి, మళ్ళీ తోముతాడు."

"యుద్ధంల దెబ్బతిన్నోళ్ళను మోసిందో ఏమో ఇది," అంది. బండి చుట్టూ తిరిగింది. స్టీరింగు ఉన్న వైపు ఆగింది. "బిడ్డా, మావోడు గిసుంటి బండే తోల్తడా?"

ప్రేమ్ కుమార్‌కు తెలియదు. ముసుగు దీపం ఎక్కడ దొరుకుతుందో తెలుసు, అది తెలియదు. "తోలొచ్చండీ," అన్నాడు.

నీలమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ఎక్కి డ్రైవరు సీట్లో కూర్చుంది. రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టింది. కాళ్ళు కిందికి అందలేదు. ముందుకు జరిగి, బొటనవేలితో పెడలును వెతికి, తాకింది.

"ఆంటీ, సీటు క్యాన్వాసు కొత్తదండీ," అని ప్రేమ్ కుమార్ నా చెవిలో గొణిగాడు. "ర్యాలీకి కూడా టైమ్ అవుతోంది."

పెంటకుప్ప వైపు చూసే చూపు ఒకటి ఉంటుంది నా దగ్గర. నా పిల్లల మీద కూడా ఎప్పుడూ వాడలేదు. అతని మీద వాడాను. అతను బిందె పట్టుకుని గోడ నీడలోకి వెళ్ళి నిలబడ్డాడు.

దొడ్లో బర్రెలు మళ్ళీ అరిచాయి. పాలు పితికే వేళైనా ఆమె దిగలేదు. పిడకలు ఎండకు అంచుల వెంట బిగుసుకోవడం మొదలుపెట్టాయి. నేను ఇంటికి వెళ్ళి గిన్నె తెచ్చుకుని, పాలు నేనే పితకడానికి దొడ్లోకి వెళ్ళాను.