ఎనిమిది వందల గ్రాములు దాటితే ఆడది

పొద్దున తొమ్మిదింటికల్లా ఆవిడ డేగల సంరక్షణ కేంద్రంలో బల్ల ముందు కూర్చునేది. పంజరాల కాపరి అయిన భర్త డేగను పట్టి, గుడ్డసంచిలో పెట్టి తెచ్చేవాడు. ఆవిడ కాలిపర్స్‌తో ముక్కు కొలిచి, కాలి ఎముక కొలిచి, రెక్కను స్కేలు మీద పరిచి పుస్తకంలో రాసేది. ఈ డేగల్లో ఆడా మగా ఒకే రంగు, ఒకే అరుపు. ఆడది కాస్త భారీగా ఉంటుంది, అంతే తేడా. ఇరవై రెండేళ్ళుగా ఆ కాస్తను పట్టుకోవడమే ఆవిడ ఉద్యోగం. ఒక్క మిల్లీమీటరు అటూ ఇటూ రాసి ఎరగదు.

తూచే పని మాత్రం భర్తది. ఆవిడ అలసట చేతుల్లోంచి దిగి, పట్టుకున్నదాంట్లో చేరి దాని బరువు పెంచేది. కొట్లో పంచదార పొట్లానికి చెయ్యి చాపితే, "తూచాక పట్టుకో అక్కా, లేకపోతే నష్టం నీకే," అనేవాడు కొట్టతను. ఇంటెడు చాకిరీ చేసొచ్చి మళ్ళీ ఉద్యోగం చేసే మనిషి అలసట ఎక్కడో ఒకచోటికి పోవాలి కదా.

ఆ ఏడు కొత్త అధికారి వచ్చాడు. ఒకే పంజరంలో మూడేళ్ళుగా కలిసి ఉంటున్న రెండు డేగల కాగితాలు తీయించాడు. ఒకటి మగదని రూఢి. రెండోదాని కొలతలు ఎటూ తేలకుండా మధ్యలో ఆగాయి.

"బరువుతో తేల్చేద్దాం," అన్నాడు. "ఎనిమిది వందల గ్రాములు దాటితే ఆడది, ఇక్కడే ఉంటుంది. లేకపోతే మగది. ఇక్కడ జంటలనే ఉంచుతాం, కాబట్టి దాన్ని సముద్రం పక్క కేంద్రానికి పంపిస్తాం. అది మీ ఆయన చేత్తో పెడితే తప్ప తినదట. ఆయనకీ బదిలీ తప్పదు."

పెళ్ళయ్యాక వాళ్ళు ఒక్కరోజు విడిగా ఉండి ఎరగరు.

"తూచేది కూడా మీరే," అన్నాడు అధికారి. "మీ పుస్తకంలో తప్పు దొరికిందని ఎవరూ అనగా వినలేదు."

"నేను పట్టుకుంటే బరువెక్కుతుంది సార్."

"తెలుసమ్మా. రేపు సెలవు పెట్టి హాయిగా పడుకోండి. ఎల్లుండి తూద్దాం."

మర్నాడు ఆవిడ లేచేసరికి, తెల్లారే వెళ్ళి డేగకి తిండి పెట్టొచ్చిన భర్త కూడా సెలవు పెట్టి అంట్లు తోముతున్నాడు.

"నువ్వు పడుకో," అన్నాడు.

"నేను పడుకుంటే అది తేలిగ్గా తూగుతుంది. మీరు వెళ్ళిపోవాల్సొస్తుంది."

"వెళితే వెళతాను. నువ్వు కంటినిండా నిద్రపోయి ఎన్నేళ్ళయింది?"

ఆవిడకి ఏడుపొచ్చింది. ఏడుస్తూ ఏడుస్తూనే నిద్రలోకి జారింది. ఆయన మూడంతస్తులు నీళ్ళు మోశాడు, దుప్పట్లు ఉతికాడు, కూర మాడ్చి మళ్ళీ వండాడు. మధ్యలో ఆవిడ లేవబోతే కసిరి పడుకోబెట్టాడు. ఆ మరుసటి పొద్దున ఆవిడ చేతిలో గ్లాసు గ్లాసంతే బరువుంది.

ఆఫీసులో ఆయన డేగను సంచిలో పెట్టి మోసుకొచ్చాడు. బల్ల దగ్గరికి వచ్చేసరికి ఆయన భుజం ఒక పక్కకి ఒరిగిపోయింది. ఆవిడ సంచి అందుకుని త్రాసు కొక్కేనికి తగిలించింది. సంచి బరువు తీసేస్తే ఎనిమిది వందల పన్నెండు.

ఆవిడ పెన్ను పట్టుకుని చూసింది. పెన్ను తేలిగ్గానే ఉంది. అప్పుడు భర్త చేతులకేసి చూసింది. నీళ్ళలో నాని ముడతలు పడ్డాయి, వేలి మీద కాలిన బొబ్బ. ఆవిడకి అర్థమైంది. ముల్లు ఎంత చూపిస్తే అంత రాయడమే ఆవిడకి తెలుసు. అంతే రాసింది. పక్కన 'ఆడది' అని రాసింది.

అధికారి సంతకం చేసి వెళ్ళిపోయాడు.

భర్త సంచి ఎత్తబోయి ఆగాడు. "ఇదేంటి, మొన్నటికీ ఇవాళ్టికీ ఇంత బరువెక్కింది?"

"మీరొక్కరే మోయకండి," అంది ఆవిడ. సంచి రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ కలిసి పంజరం దాకా మోశారు.