తాడు తిరిగొచ్చిన సంచి

నేను ఒక ఖాకీ గుడ్డసంచిని. జీడిపిక్కలు కాల్చే బట్టీలో పనిచేసే తవిటయ్య పాత నిక్కరు కుట్లు విప్పదీసి, అతని భార్య దాలమ్మ నన్ను చేత్తో కుట్టింది. మూతి బిగించడానికి నూలుతాడు ఒకటి దూర్చింది. బజారు సరుకులు మోయడానికి పుట్టినదాన్ని, నా మొదటి ప్రయాణం మాత్రం జైలుకి.

ఆ ఉదయం వాకిట్లో ఇద్దరు కానిస్టేబుళ్లు నిలబడి ఉండగా దాలమ్మ నన్ను సర్దింది. రెండు లుంగీలు, తువ్వాలు, జీడిపిక్కల రసం పడి బొబ్బలెక్కిన చేతులకు కొబ్బరినూనె సీసా. మడిచి పెట్టింది, తీసింది, మళ్లీ మడిచింది. సర్దడం అయిపోతే అతను బయల్దేరతాడని ఆమె భయం.

"ఏటే, కాశీకి పంపుతున్నట్టు సర్దేస్తన్నావు. కూలి పెంచమన్నాం గాని బట్టీ తగలెట్టలేదు కదా. రెండ్రోజుల్లో వచ్చేస్తాను," అన్నాడు తవిటయ్య.

"నువ్వు బజారుకెల్తేనే పొద్దు గూకితే గాని రావు," అంది దాలమ్మ.

జైలు గేటు దగ్గర నా తాడు లాగేశారు. ఖైదీ ఉరేసుకుంటాడేమోనని నిబంధన. అతని ప్రాణం మీద వాళ్లకు అంత శ్రద్ధ. తాడును పొట్లం కట్టి, పేరు రాసి, బీరువాలో దాచారు. తవిటయ్యకు ఆరు ఇంగ్లీషు కాగితాలు ఇచ్చారు. నిర్బంధానికి కారణాలట. తెలుగే కూడబలుక్కుని చదివే మనిషి, వాటిని నా అడుగున పెట్టి, నా మీద తల పెట్టుకుని పడుకునేవాడు. తననెందుకు పట్టుకున్నారో తలకిందే ఉండేది.

ములాఖత్తులో ఆ కాగితాలు దాలమ్మ చేతికి, ఆమె నుంచి ప్లీడరు చేతికి వెళ్లాయి. ఏడు నెలలకు హైకోర్టు తవిటయ్యను వదిలెయ్యమంది. కోర్టులో జరిగిందంతా దాలమ్మ తర్వాతెప్పుడో నన్ను కుడుతూ తనలో తాను చెప్పుకోగా విన్నాను.

"తెలిసిన భాషలో కారణాలు చెప్పకుండా మనిషిని బంధించకూడదమ్మా. అందుకే ఈ తీర్పు," అన్నాడట ప్లీడరు.

"అయితే తెలిసేలాగ సెప్పుంటే ఒగ్గేవోరు కాదా బాబూ?"



విడుదల రోజున తాడు పొట్లం తిరిగిచ్చి సంతకం పెట్టించుకున్నారు. తవిటయ్య అక్కడే నేలమీద కూర్చుని, తాడును నా మూతికి దూర్చి గట్టిగా ముడివేశాడు. గేటులోని చిన్న తలుపు దాటాడు. పది అడుగుల దూరంలో దాలమ్మ. మధ్యలో జీపు.

ఒక అధికారి, మళ్లీ నిర్బంధిస్తున్నామన్న కొత్త ఉత్తర్వు తవిటయ్య చేతికిచ్చాడు. ఈసారి చక్కని తెలుగు. ఇతను బయట ఉంటే దేశ భద్రతకు ప్రమాదమన్న వాక్యాన్ని తవిటయ్య వేలు పెట్టి రెండుసార్లు చదువుకున్నాడు. తర్వాత ఆ కాగితాన్నీ నన్నూ దాలమ్మ చేతిలో పెట్టాడు.

"ఇంటికి ఒట్టుకెల్లు. లేపోతే మళ్లీ తాడు లాగేస్తారు."

ఆమె ఆ ముడి విప్పలేదు. నా అడుగు కుట్టు ఊడదీసి, బట్టలు ఉతికి పెట్టి, మళ్లీ కుట్టి, మూడోనాడు జైలుకి తీసుకెళ్లింది. అలాంటివాణ్ణి తేలేదన్నారు. ఇంకో జైలు, రెండు ఠాణాలు, మళ్లీ కోర్టు. దారిలో జీపు దూకి పారిపోయాడని పోలీసులు రాసిచ్చారు. అదుపులో లేని మనిషిని తెచ్చి చూపమనలేమని కోర్టు అర్జీ మూసేసింది. ఆ తీర్పు ఇంగ్లీషులో ఉంది.

అప్పటికి దాలమ్మకు చదువు రాదు. ఆ తెలుగు ఉత్తర్వు ముందేసుకుని, తవిటయ్య వేలు ఆగిన చోటినుంచి ఒక్కో అక్షరం నేర్చుకుంది. ఇప్పుడు ముసలిదైపోయింది, దొరికిన కాగితమల్లా చదువుతుంది. ఎవరు ఊరికి బయల్దేరి సంచి సర్దుకున్నా ఆమె లేచి అవతలికి వెళ్లిపోతుంది. ఏటా వానలు వెలిశాక నా అడుగు విప్పి, లుంగీలు ఎండబెట్టి, లోపల పెట్టి కుట్టేస్తుంది. మూతికి అతను వేసిన ముడి అలాగే ఉంది.

తవిటయ్య తిరిగి రాలేదు. పంతొమ్మిది వందల డెబ్బై ఒకటి, మార్చి తొమ్మిది, మంగళవారం, పగలు పదకొండింటికి జీపెక్కాడు.