విత్తనం కుప్ప

"ఒక్క పనైనా మీ అంతట మీరు చేయరేం?" అని ఏడాదంతా మా ఆయన్ని సాధించాను. నాదే బుద్ధి తక్కువ.

నేను కట్టెలమోపుతో కొండ దిగేసరికి, ఉడకబెట్టాల్సిన పసుపు కళ్లెదుటే పచ్చిగా పడి ఉంది. పురుగుమందు చుక్క తగలకుండా ఏళ్లుగా కాపాడుకొస్తూ, వచ్చే పంటకని ఆకులు కప్పి దాచిన విత్తనపు కొమ్ములు మాత్రం డేగిశాలో ఉడికిపోయాయి. ఉడికిన పసుపు మళ్లీ మొలుస్తుందా?

"ఆకుల కింద ఉంటే మర్చిపోయావనుకున్నా. ముందు వాటి పని పట్టా," అన్నారు, చెమట తుడుచుకుంటూ.

కొడుక్కి గడ్డి పెడుతుందని అత్తయ్య వైపు చూశాను. ఆవిడ ఒక కొమ్ము తీసి చీపురుపుల్ల గుచ్చింది. పుల్ల మెత్తగా దిగింది. ఆవిడ మొహం వెలిగిపోయింది.

"ఇన్నేళ్లకి నీకు ఉడుకు కుదిరిందిరా, నాయనా!"