మూడో బొమ్మలో బాణం

మూడో బొమ్మలో బాణం తప్పు గీశానని మా ఆయన మూడోసారి అన్నప్పటికి నా చేతులు సబ్బు నురగలో ఉన్నాయి. తప్పు కాదని నేనూ మూడోసారే చెప్పి, ఇంకో గిన్నె అందుకున్నాను. ఆయన కాలేజీ పిల్లల కోసం రాస్తున్న జీవశాస్త్రం పుస్తకంలో కండరాల పాఠం అది. మయోసిన్ అనే ప్రోటీన్ పక్కనున్న పోగును పట్టుకుని లాగుతుంది, వదులుతుంది, మళ్లీ కాస్త ముందు పట్టుకుంటుంది. కణంలోని ఈ బుల్లి మోటారుకు ఇంధనం ఏటీపీ. అది వచ్చి తగులుకోవడాన్ని చూపే బాణాన్ని నేను పట్టు వదిలే చోట గీశాను. పట్టుకునే చోట ఉండాలని ఆయన వాదన.

"ఒంట్లో బలముంటే పట్టుకుంటాం, లేకపోతే వదిలేస్తాం. ఎనిమిదో తరగతి పిల్లల్ని అడిగినా చెప్తారు. నువ్వు ఇంట్లో ట్యూషన్ చెప్పేది వాళ్లకేగా" అన్నారు.

పుస్తకాలు రాసేవాడికి ఆ మాత్రం తెలియదా అని సోఫాలోంచి అత్తగారు. ఆ పుస్తకాల్లో బొమ్మలన్నీ, సగం పాఠాలూ ఎవరివో ఆవిడకూ తెలుసు. మొదటి పుస్తకం ముందుమాటలో 'వేళకు టీ అందించిన నా శ్రీమతికి' అని ఒక ముక్క ఉండేది. రెండో ముద్రణలో చోటు చాలలేదని అదీ తీసేశారు.

చేతులు తుడుచుకుని, బాణం చెరిపి, ఆయన చెప్పిన చోటే గీశాను. గీస్తుంటే పాత ల్యాబ్ గుర్తొచ్చింది. పెళ్లికి ముందు రెండేళ్లు నేను మయోసిన్ మీదే పనిచేశాను. గాజుపలక మీద పోగులు వానపాముల్లా పాకుతుండేవి. ఏటీపీ అయిపోయిందంటే ఎక్కడివక్కడ అతుక్కుపోయేవి. మళ్లీ వేస్తే తప్ప ఊడేవి కావు. శవం బిగుసుకుపోయేదీ అందుకే, వదిలే శక్తి లేక. పాప పుట్టాక వెళ్దువుగానిలే అన్నారు. పాప బడికెళ్లాక అన్నారు. తర్వాత వాళ్లమ్మ మోకాళ్లు నయమయ్యాక అన్నారు. ఇరవై ఏళ్లు. ఇంటిని పట్టుకుని నిలబడ్డావు, ఎంత ఓర్పో అని చుట్టాలు మెచ్చుకుంటే అది ఓర్పేనని నేనూ నమ్మాను.

ఆ ల్యాబ్‌కి ఇప్పుడు పెద్ద నా పాత స్నేహితురాలే. మైక్రోస్కోపు చూసుకునే మనిషి కావాలి, వస్తావా అని వారం కిందట అడిగింది. రైల్లో నాలుగు గంటల దూరం, అక్కడే ఉండాలి. ఈ సాయంత్రంలోగా జవాబు చెప్పాలి.

అంతలో ఆయన తోటి లెక్చరర్‌కి ఫోన్ చేశారు. అవతల నవ్వు నాకూ వినిపించింది.

"నువ్వన్నదే కరెక్టట. మళ్లీ మార్చి గీసెయ్" అన్నారు.

"అమ్మ ముందే చెప్పింది కదా నాన్నా" అంది మా అమ్మాయి, కంచాలు పెడుతూ. ఆయన వినిపించుకోలేదు.

చెరిపి చెరిపి అక్కడ కాగితం పలచబడింది. బాణం మొదటి చోటే గీశాను. ఫోన్ తీసి ల్యాబ్‌కి ఒక్క వాక్యం పంపాను. అందరూ భోజనాలకు కూర్చున్నాక బొమ్మను ఆయన కంచం పక్కన పెట్టాను.

"ఇది ఆఖరి బొమ్మ. సోమవారం నుంచి నేను పాత ల్యాబ్‌లో చేరుతున్నాను. అక్కడే ఉంటాను."

అమ్మాయి నా వంకే చూస్తోంది.

"ఈ వయసులో అంత ఓపిక ఎక్కడుంది నీకు?" అన్నారాయన.

"కాస్త మిగిలింది. అది కూడా అయిపోకముందే వెళ్తున్నాను."