వాసన గడి

ఆ ప్రయోగశాలలో ఆమెను అందరూ వంటమ్మ అనేవారు. అయితే ఆమె వండి పెట్టేది మనుషులకు కాదు. మట్టిలోంచీ సముద్రపు బురదలోంచీ తెచ్చిన సూక్ష్మజీవులను గాజు పళ్ళాల్లో పెంచి చదివే చోటు అది. కంటికి ఆనని ఆ ప్రాణులకు మేత కాచి పొయ్యడం ఆమె ఉద్యోగం. నీళ్ళు, ఉప్పు, రవంత చక్కెర, గట్టిపడడానికి సముద్రపు నాచుతో చేసిన పొడి. ఇవన్నీ కలిపి కాచి పళ్ళాల్లో పోస్తే చల్లారి జున్నులా పేరుకుంటుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే పని. ఎంత పెద్ద చదువులు చదివి వచ్చినవాళ్ళైనా ఆమె గరిటె ముందు చేతులు కట్టుకుని నిలబడవలసిందే. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. తెలిసినట్టు కాస్త కనిపించేది కూడా.

గరిటె కన్నా పేరు మోసింది ఆమె ముక్కు. రోజూ పొద్దున్నే వచ్చీ రాగానే బల్ల మీద వరసగా ఉన్న మట్టి నింపిన నలభై సీసాల మూతలు తీసి, ఒక్కొక్కటే వాసన చూసి, పెద్ద పుస్తకంలో 'వాసన' అన్న గడిలో ఒక మాట రాసేది. కమ్మగా ఉందనో, పులిసిందనో, చచ్చుబడిందనో. యంత్రం రెండు రోజులకు చెప్పే సంగతి మా అక్క ముక్కు రెండు క్షణాల్లో చెబుతుందని డాక్టరమ్మ వచ్చినవాళ్ళందరి దగ్గరా చెప్పుకునేది. డాక్టరమ్మ అంటే ఆ ప్రయోగశాలకు పెద్ద. ఒకప్పుడు రెండు జడలతో వచ్చి వంటమ్మ దగ్గరే పళ్ళెం పొయ్యడం నేర్చుకున్న మనిషి. కొత్తగా చేరిన పిల్లలకు వంటమ్మ చెప్పే మొదటి పాఠం ఎప్పుడూ ఒకటే. తొలి వాన పడగానే వచ్చే కమ్మటి వాసన వానది కాదు, మట్టిలో ఉన్న వీళ్ళది అని. ఆ 'వీళ్ళది' అనేటప్పుడు సొంత చుట్టాల గొప్ప చెప్పుకుంటున్నట్టే ఉండేది.

అలాంటి ముక్కు ఒక జ్వరంతో పోయింది.

జ్వరం నాలుగు రోజుల్లో తగ్గిపోయింది. అయిదో రోజు ఆమె పొయ్యి మీద పాలు పెట్టి, అటు వీపు చేసి కూర్చుని, ఎవరిదో చొక్కాకు గుండీలు కుడుతోంది. ముందు గదిలో మిషను తొక్కుకుంటున్న భర్త ఉన్నట్టుండి లోపలికి పరుగెత్తుకొచ్చాడు. ఆయన దర్జీ. పాలు మాడి గిన్నె నల్లబడిపోయింది, మాడు కంపు వీధిలోకి కొడుతోంది, ఈవిడ మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు గుండీలు కుట్టుకుంటోంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ తర్వాత ఆమె సబ్బు వాసన చూసింది, కిరసనాయిలు వాసన చూసింది, చివరికి ఆయన చొక్కా వాసన కూడా చూసింది. ఏమీ లేదు. వైద్యుణ్ణి అడిగితే రావచ్చు, రాకపోనూ వచ్చు అన్నాడు.

ఆమె ప్రయోగశాలలో ఎవరికీ చెప్పలేదు. రేపు వస్తుందేమో, ఎల్లుండి వస్తుందేమో అనుకుంటూ, పొద్దున్నే మూతలు తీసి, ఎప్పటిలాగే వంగి, ముక్కు ఎగబీల్చి, గడిలో పోయిన నెల రాసిన మాటే మళ్ళీ రాసేది. మట్టి అంత తొందరగా మారుతుందా ఏమిటి అని తనకు తాను సర్దిచెప్పుకునేది. కాని సిగ్గుతో మాత్రం చచ్చిపోయేది. ఎవరైనా వాకిట్లో అడుగుపెడితే చాలు, పుస్తకం మూసేసేది.

ఇలా ఉండగా సముద్రం పిల్ల బురద తెచ్చింది. పరిశోధన చేస్తున్న అమ్మాయిని అందరూ అలా పిలిచేవారు. పడవెక్కిన పావుగంటకే వాంతులు మొదలయ్యే ఆ పిల్లకు ఆ పేరెవరు పెట్టారో గాని, నోరు తెరిస్తే సముద్రపు అడుగు తప్ప ఇంకో ఊసు ఉండేది కాదు. నాలుగు వందల నిలువుల లోతు నుంచి తీసిన బురదలో ఇంతవరకూ ఎవరూ పెంచని జీవం ఉందని ఆమె నమ్మకం. పడవ అక్కడికి ఏడాదికి ఒక్కసారే వెళుతుంది. నాలుగు రోజులు కడుపులో ఏమీ నిలవక, మంచుపెట్టె ఒళ్ళో పెట్టుకుని తిరిగొచ్చి, "పెద్దమ్మా, వీటికి మీ చేత్తోనే కాయాలి" అంది.

వంటమ్మ కాచింది. ఆ బురదనే కొంచెం మరగబెట్టి వడకట్టి, ఆ కషాయం సముద్రపు నీళ్ళలో కలిపి, చక్కెరా నాచు పొడీ వేసింది. పళ్ళాలు కడిగి తెచ్చుకుందామని పక్క గదిలోకి వెళ్ళింది. ఏ రోజైనా తీపి వాసన తగలగానే పరుగున వచ్చి దించేది. ఆ రోజు ఏ వాసనా పిలవలేదు. తిరిగొచ్చి గరిటె పెట్టి చూస్తే కుండ అడుగంటింది. మేత ఎలాగూ బురద రంగే కాబట్టి మాడిందీ లేనిదీ కంటికి తెలియదు. వంగి వాసన చూసింది. ఆమెకు ఏం తెలుస్తుంది? కొంచెమేలే అనుకుంది. పైపైన వంపి తొంభై పళ్ళాలు పోసి, కుండను మాత్రం ఎవరూ చూడకుండా తోమేసింది.

సముద్రం పిల్ల మిగతా బురదంతా ఆ పళ్ళాల్లోనే పూసింది. అయిదు వారాలు గడిచాయి. తొంభై పళ్ళాల్లో ఒక్కదానిలోనూ ఒక్క చుక్క మొలవలేదు.

సముద్రం పిల్ల మొదట్లో రోజుకోసారి చూసేది, తర్వాత గంటకోసారి చూసేది, ఆ తర్వాత చూడడమే మానేసింది. ఒక మధ్యాహ్నం వంటమ్మ పక్కన పీట మీద కూలబడి, తప్పంతా తనదేనంది. తిరుగు ప్రయాణంలో రెండు గంటలు నిద్ర పట్టేసిందట. లేచి చూసేసరికి పెట్టెలో మంచు సగం నీళ్ళయిందట. చల్లటి అడుగున బతికేవి ఆ వేడికి చచ్చిపోయి ఉంటాయి. "నా నిద్రే వాటిని చంపేసింది పెద్దమ్మా. సోమవారం డాక్టరమ్మకు కాగితం రాసిచ్చేస్తాను. ఈ పని నాకు చేతకాదని." వంటమ్మ ఆ పిల్ల వీపు నిమిరింది. నిమురుతున్న ఆ చేతినే నరికేసుకోవాలనిపించింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి భర్తకు అంతా చెప్పింది. ఊరుకుంటే ఆ పిల్ల ఏడాది కష్టమే కాదు, తన మీద తనకున్న నమ్మకం కూడా మట్టికొట్టుకుపోతుంది. నోరు విప్పితే ముప్ఫై ఒక్క ఏళ్ళ పేరు పోతుంది. ఎవరికీ తెలియకుండా మళ్ళీ కాచి చూద్దామంటే, ఈసారి మాడితే మాత్రం చెప్పేదెవరు? ముక్కు లేని వంటమ్మను ఆ గదిలో ఎవరు ఉంచుకుంటారని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆయన తెల్లదారం ఉండా, సూదుల డబ్బీ ఆమె ముందుకు జరిపాడు. ఆయనకు చూపు ఆనడం మానేసిన ఈ మూడేళ్ళుగా రోజూ పది సూదుల్లో దారం ఎక్కించి ఇవ్వడం ఆమె పని.

"కళ్ళు ఆనడం లేదని నేను మిషను అమ్ముకున్నానా?" అన్నాడు. "నువ్వు ఎక్కిస్తున్నావు, నేను కుడుతున్నాను. నాకు ఆనదని నీతో చెప్పడానికి నాకూ నాలుగు నెలలు పట్టింది. ఈలోగా ఎన్ని చొక్కాలు చెడగొట్టానో నీకు చెప్పనే లేదు."

ఆమె కళ్ళు తుడుచుకుని పది సూదులకూ దారం ఎక్కించింది.

సోమవారం సముద్రం పిల్ల కాగితం పట్టుకుని డాక్టరమ్మ గదిలో నిలబడి ఉండగా వంటమ్మ లోపలికి వెళ్ళింది. చేతిలో బొటనవేలంత సీసా ఉంది. తోడుకు రేపటికి చెంచాడు పెరుగు అట్టిపెట్టుకున్నట్టు, ఎవరు ఏ నమూనా తెచ్చినా అందులో చిటికెడు తీసి, తన చల్లటి పెట్టెలో మూలన దాచుకోవడం ఆమెకు మొదటినుంచీ అలవాటు. అందరూ నవ్వేవారు. ఆ సీసాను బల్ల మీద పెట్టి, నిలబడే చెప్పింది. జ్వరం సంగతి, కుండ అడుగంటిన సంగతి, దాన్ని చాటుగా తోమేసిన సంగతి, అరవై రోజులుగా పుస్తకంలో రాసినవన్నీ అబద్ధాలని.

"మంచు కరిగితే అన్నీ చావవమ్మా," అంది చివరికి. "మాడిన మేతలో మాత్రం ఏదీ మొలవదు. బురద బతికే ఉండచ్చు. నిద్ర కాదు, నేను."

డాక్టరమ్మ "రెండు నెలలా అక్కా?" అంది. అంతే. కోపంగా అని ఉంటే వంటమ్మ ఎలాగో తట్టుకునేది. చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.

సముద్రం పిల్ల చేతిలో కాగితం నలిగిపోయింది. "అయిదు వారాలు నేను నిద్రపోయినందుకు ఏడ్చాను పెద్దమ్మా. మీరు చూస్తూనే ఉన్నారు."

"అవును తల్లీ. చూస్తూనే ఉన్నాను."

డాక్టరమ్మ పుస్తకం తెప్పించి, ఎర్ర కలం ఇచ్చి, ఆ అరవై రోజుల గడులనూ వంటమ్మ చేతే కొట్టేయించింది. ఆమె ఒక్కొక్క రోజే, ఒక్కొక్క సీసాయే వెతికి గీత గీసింది. ఆ పనికి సాయంత్రం దాకా పట్టింది. తర్వాత రెండు రోజులు ఆమెతో ఎవరూ మాట్లాడలేదు. ఆమె గాజు పళ్ళాలు తోముకుంటూ, ఇంటికి పొమ్మనే మాట కోసం ఎదురుచూసింది.

మూడో రోజు పొద్దున్న సముద్రం పిల్ల ఆ బొటనవేలంత సీసా పట్టుకుని వంట గదిలోకి వచ్చింది. మొహం ఇంకా ముటముటలాడుతూనే ఉంది. "కాయండి. వాసన నేను చూస్తాను. డాక్టరమ్మ సరేనంది," అంటూ పొయ్యి పక్కకు పీట లాక్కుంది.

వంటమ్మ గరిటె పట్టుకుంది. పిల్ల ముక్కు కుండ మీద, పెద్దావిడ కళ్ళు పిల్ల మొహం మీద. ఏమొస్తోందని అడిగితే ఉప్పు అంది. తర్వాత తడిసిన తాడు అంది. తర్వాత బాగుంది అంది.

"బాగుంది అనేది వాసన కాదు, మొహమాటం. సరిగ్గా చెప్పు."

పిల్లకు నవ్వు రాబోయింది గాని బిగపట్టుకుంది. "అంచున కొంచెం తియ్యగా..."

ఆ మాట పూర్తి కాకముందే కుండ కింద ఉంది. మాడడానికి ముందు వచ్చే తీపి అది. ఆ తీపిని వంటమ్మ రెండు నెలల తర్వాత మళ్ళీ అందుకుంది. తన ముక్కుతో కాకపోతేనేం. అప్పుడే పిల్ల మొదటిసారి ఆమె భుజానికి తల ఆనించింది.

సీసాలో ఉన్న చిటికెడు బురద ఆరు పళ్ళాలకే వచ్చింది. అప్పటినుంచి పొద్దున్నే మట్టి సీసాల దగ్గర కూడా ఇద్దరూ కలిసే కూర్చునేవారు. పిల్ల మూత తీసి వాసన చూసి చెప్పేది, వంటమ్మ రాసేది. మొదట్లో అన్నీ ఒకేలా ఉన్నాయనేది. పది రోజులకల్లా ఒకటి కొత్త గోనెసంచిలా ఉందనీ, ఒకటి పుట్టగొడుగులా ఉందనీ, పదిహేడోది మాత్రం అలిగినట్టు ఉందనీ చెప్పడం మొదలుపెట్టింది. అలిగితే గాలి ఆడడం లేదన్నమాట అని వంటమ్మ మూత వదులు చేయించేది. గడిలో అబద్ధం రాయని రోజున అన్నం ఎంత రుచిగా ఉంటుందో ఆమెకు అప్పుడు తెలిసింది, నాలుకకు సగం రుచే తెలుస్తున్నా సరే.

ఏడో వారం ఒక పొద్దున్న మూడో పళ్ళెంలో సూదిమొనంత చుక్కలు అయిదు కనిపించాయి. లేత గులాబీ రంగు. సముద్రం పిల్ల అరవలేదు, గెంతలేదు. పళ్ళాన్ని రెండు చేతులా పట్టుకుని, మంచుపెట్టెను తెచ్చినంత జాగ్రత్తగా వంటమ్మ బల్ల దగ్గరకు తెచ్చి, "బతికే ఉన్నాయి పెద్దమ్మా. నేను చంపలేదు," అంది. అని కూర్చుని ఏడ్చింది. వంటమ్మ కూడా ఏడ్చింది. డాక్టరమ్మ భూతద్దంతో వచ్చి, చుక్కలను చూడబోయి, ముందు ఈ ఇద్దరినీ చూసుకుంటూ నిలబడిపోయింది.

కొత్త జీవం మొలిస్తే పుస్తకంలో వివరాలన్నీ రాయాలి. రంగు, అంచు, ఎత్తు అన్నీ పిల్ల చెప్పింది, వంటమ్మ రాసింది. వాసన గడి మిగిలింది. పిల్ల మూత కొద్దిగా ఎత్తి, నేర్పించిన ప్రకారం దూరం నుంచే చేత్తో విసురుకుని చూసింది. మళ్ళీ చూసింది.

"వాసన లేదు పెద్దమ్మా."

వంటమ్మ చటుక్కున తలెత్తింది. తనను నొప్పించకూడదని అంటోందేమోనని ఆ పిల్ల మొహం వెతికింది. పళ్ళాన్ని డాక్టరమ్మకు ఇప్పించింది. డాక్టరమ్మ కూడా చూసి, "నిజంగానే లేదక్కా. దీనికి వాసనే లేదు," అంది.

వంటమ్మ కలం సరిచేసుకుంది. రెండు నెలల పాటు ఏ మాట రాసుకోలేక అన్ని గడులు పాడుచేసిందో, ఆ మాటే గుండ్రటి అక్షరాలతో నెమ్మదిగా రాసింది. వాసన లేదు. తర్వాత తనకూ ఒకసారి ఇవ్వమని పళ్ళెం అడిగి తీసుకుని, కళ్ళు మూసుకుని, పాత అలవాటు ప్రకారం వంగి, చాలాసేపు చూసింది. వాళ్ళిద్దరికీ ఎంత వాసన వచ్చిందో ఆమెకూ అంతే వచ్చింది.