మరక అని రాసిన చోటు

మా ఆఫీసులో నా పని గీతలు గీయడం. పేలిపోయిన నక్షత్రాల నుంచి దూసుకొచ్చే కణాలు చిక్కటి వాయువుకు గుద్దుకుంటే గామా కిరణాలు పుడతాయట. ఆ వాయువు కంటికి కనపడదు. రేడియో దుర్భిణి తీసిన బొమ్మలో మాత్రం బూడిదరంగు ముద్దల్లా ఉంటుంది. కిరణాలు వచ్చే చోట సార్ ఎర్ర సున్నా చుట్టి ఇస్తారు. అందులో ఉన్న ముద్దల అంచులు కంప్యూటర్ తెర మీద గీసి, వివరాలు పుస్తకంలో రాయాలి. తొమ్మిదో తరగతితో చదువు ఆగిపోయిన నాకు ఈ పని దొరకడమే గొప్ప.

అత్తగారికి నడుం పడిపోయాక రెండేళ్ల పాపను చూసేవాళ్లు లేకపోయారు. సార్‌ని బతిమాలి, నా బల్ల పక్కన చాప వేసి కూర్చోబెట్టుకున్నాను. "నోరెత్తనంత కాలం నీ కూతురు నాకు కనపడదమ్మా" అన్నారాయన.

ఒకరోజు సార్ ఏడాదిగా తల బద్దలు కొట్టుకుంటున్న సున్నా నా దగ్గరికొచ్చింది. కిరణాలున్నాయి, అవి పుట్టడానికి వాయువు లేదు. నాకు మాత్రం అంచున చిన్న ముద్ద కనపడింది. సంబరంగా పిలిచాను.

సార్ వంగి చూశారు. పాప చేతిలో సగం తిన్న అరటిపండు.

"ఇదేనా నీ వాయువు? నీ కూతురి వేలిముద్ర తల్లీ ఇది!"

పక్క సీటు అక్క పకపకా నవ్వింది. "పాపకీ ఓ కుర్చీ వేయించండి సార్. తల్లికంటే నయం, కొత్త మబ్బులు పుట్టిస్తోంది."

"ఇంకోసారి తెర మీద చెయ్యి పడిందంటే పాప ఇంట్లోనే. మరక అని రాసెయ్" అన్నారు సార్.

మరక అని రాస్తే ఆ చోటు మళ్లీ ఎవరూ చూడరు. చాప మీది పాపకు బల్లే అందదు, తెరేం అందుతుంది?

సార్ వెళ్లాక పాప మూతి తుడిచే గుడ్డతో తెర తుడిచాను. ముద్ద పోలేదు. బొమ్మను జరిపితే దాంతోపాటే జరిగింది. మరకైతే ఉన్నచోటే ఉండాలి కదా!

సార్ గది గుమ్మం దాకా వెళ్లాను. చెబితే ఆయనది తప్పని తేలుతుంది. తేలితే, రేపు పాప ఎక్కడుంటుంది? వెనక్కొచ్చి 'మరక' అని రాసి, పొట్టి సంతకం పెట్టాను.

ఎనిమిది నెలలకు వేరే ఊరి శాస్త్రవేత్తలు అదే ముద్దను తాము కనిపెట్టామని అచ్చులో వేశారు. సార్ మా పుస్తకం తెచ్చి అందరి ముందూ నా బల్ల మీద పడేశారు.

"ఈ రాత ఎవరిది?"

"నాదే సార్. కానీ ఆరోజు మీరే..."

"నేనా?"

పక్క సీటు అక్క వైపు చూశాను. ఆవిడ తన తెరలోకి తల దూర్చేసింది.

"చదువు లేనివాళ్లను పెట్టుకోవడం నాదే బుద్ధితక్కువ. రేపట్నుంచి పాపను తీసుకురాకు."

"పాప రాకపోతే నేనూ రాలేను సార్."

"నీ ఇష్టం."

నోరు మూసుకున్నందుకు మిగిలింది ఇదీ. చాప చుట్టి, పాపను ఎత్తుకున్నాను. పాప ముందుకు వంగి, తెర మీద అరచెయ్యి మొత్తం ఆనించింది. ఇన్నాళ్లలో అదే మొదటిసారి.

తుడవకుండా వచ్చేశాను.