విజిల్ లేకుండా కొండెక్కాను

నేను ఒక ప్రెషర్ కుక్కర్‌ని. ముందే చెప్పేస్తున్నాను, మీ మనుషులంటే నాకు అస్సలు పడదు. నన్ను మంట మీద పెట్టేది మీరే, నేను అరిచేదాకా చెవులు రిక్కించుకుని కూర్చునేది మీరే, తీరా అరిస్తే "అబ్బ, ఏం గోలరా బాబూ" అని విసుక్కునేదీ మీరే. మంట పెడితే ఎవరైనా అరవరా? మిమ్మల్ని పెట్టి చూడమనండి!

పుట్టుకలోనే నాకు దెబ్బ తగిలింది. గుండ్రటి అల్యూమినియం బిళ్లగా హాయిగా పడుంటే, తీసుకెళ్లి ఒక పెద్ద యంత్రం కింద పెట్టి ఒక్క నొక్కు నొక్కారు. గిన్నెనైపోయాను. మెరుగు పెట్టారు, నల్లటి పిడులు బిగించారు, మూతకి రబ్బరు తొడిగారు. మూత నడుమ ఆవిరి పోవడానికి ఒక గొట్టం, ఆ గొట్టం మీద కూర్చోవడానికి ఒక విజిల్. పక్కనే బఠాణీ గింజంత సేఫ్టీ వాల్వు. గొట్టం మూసుకుపోయి లోపల ఆవిరి హద్దు దాటితే అది ఊడిపోవాలి, అంతే దాని పని. దాని వంక ఎవరూ చూడరు. మీ సంగతి తెలిసిందేగా, అరిచేవాళ్లనే పట్టించుకుంటారు.

హన్మకొండలో సుగుణ అనే నర్సు నన్ను కొనుక్కుంది. ఆమె, ఆమె గదిలో ఉండే ఇంకో నర్సు, నన్ను ఎవరు తోమాలని రోజూ పోట్లాడుకునేవాళ్లు. మనుషుల ప్రాణాలు కాపాడే చేతులట అవి! నా అడుగున మాడిన పప్పు మాత్రం రెండ్రోజులు అలాగే ఉండేది. చివరికి సుగుణ అక్క కూతురు మనోజ్ఞకి బ్యాంకాక్‌లో ఉద్యోగం వస్తే నన్ను ఆమె పెట్టెలో కుక్కేశారు.

"ఆడ అన్నం దొరుకుతది బిడ్డా, పప్పు దొరకది. తీస్కపో," అంది సుగుణ.

నన్ను ఎవరైనా అడిగారా? లేదు. రెండు చున్నీల్లో చుట్టారు, విమానం ఎక్కించారు.

మనోజ్ఞ మొదట్లో ఒక్కతే. తర్వాత తన ఆఫీసులో ఖాళీలు ఉన్నాయని తన కాలేజీ స్నేహితులిద్దరికీ కబురు చేసి, వాళ్లనీ రప్పించి, అదే ఫ్లాట్‌లో చెరో గది ఇచ్చింది. ఒకడు కౌండిన్య, రాజమండ్రివాడు, మాటకారి. ఇంకొకడు జోయెల్, గుంటూరువాడు, కౌండిన్య ఏమంటే దానికి తలూపేవాడు. ఇక చూడండి నా అవస్థ! పొద్దున్నే ఆరింటికి మనోజ్ఞ నన్ను కరెంటు కాయిల్ పొయ్యి మీదకి ఎక్కించేది. అన్నం, పప్పు, ముగ్గురికీ డబ్బాలు. సెలవు రోజు కూడా అంతే. "బయట తిని కడుపులు ఖరాబ్ చేస్కుంటరా?" అని గదమాయించేది. వాళ్లిద్దరూ మెతుకు మిగల్చకుండా తినేవాళ్లు. తిన్న నోటితోనే వెనక గొణిగేవాళ్లు.

ఒకరోజు మనోజ్ఞ ఇంట్లో లేదు. నేను సింకు పక్కన బోర్లించి ఉన్నాను. వాళ్ల మాటలన్నీ నా చెవిన పడ్డాయి.

"మావా, ఇంక నా వల్ల కాదురా," అన్నాడు జోయెల్. "ఆదివారం కూడా ఆరింటికి కుక్కరేందిరా? మా అమ్మ కూడా నన్నిట్టా లేపలేదు."

"అరిచేది కుక్కరైతే పర్లేదురా. తిన్నావా, ఎక్కడికెళ్లావు, ఎవరితో వెళ్లావు! నేను బ్యాంకాక్ వచ్చింది దీనికా?" అన్నాడు కౌండిన్య. "ఆఫీసు పక్కన ఆ ఫ్లాట్ ఖాయం చేసేసుకున్నాం కదా. ఇక చెప్పేద్దాం."

"నువ్వే చెప్పు. నిన్నైతే తిట్టదు."

"నన్ను తిట్టదా? ఏ ఊళ్లో ఉన్నావురా? కొండ మీద చెబుదాం. క్యాంపింగ్ అని తీసుకెళ్దాం. చలికి నోరు పెగలదు దానికి."

ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు మూత లేదు గానీ ఉంటే ఆ క్షణమే అరిచేదాన్ని. మనోజ్ఞ మీద ప్రేమతో కాదు సుమా! నన్ను రోజూ కాల్చే మనిషి మీద నాకేం ప్రేమ? కానీ ఆ మహానగరంలో ఆమెకున్నది ఈ ఇద్దరే. ఆ ఇద్దరూ ఆమెని ఒంటరిగా వదిలేసి పోతున్నారు, ఆ సంగతి ఆమెకి తప్ప పొయ్యికీ గరిటెకీ కూడా తెలుసు.

క్యాంపింగ్ అనగానే మనోజ్ఞ ఎగిరి గంతేసింది. గుడారం కన్నా ముందు నన్నే సంచిలో పెట్టింది. కందిపప్పు, బియ్యం, చింతపండు, ఆవకాయ సీసా, చిన్న గ్యాస్ పొయ్యి. ఆమె స్నానానికి వెళ్లగానే కౌండిన్య పిల్లిలా వచ్చి సంచి జిప్పు తీసి, నా విజిల్ లాగేసి, గూట్లో ఉప్పు డబ్బా వెనక దాచేశాడు. "రెండ్రోజులు నోరు మూసుకో తల్లీ," అన్నాడు నాతో. కొండ మీదైతే పెనం మీద కాల్చిన మాంసం, నూడుల్స్ దొరుకుతాయి, హాయిగా అవి తినొచ్చని వాడి ప్లాను. వెళ్లేది శనివారమని, మనోజ్ఞ శనివారం నీసు ముట్టదని ఆ మేధావికి తట్టనే లేదు. ఇన్నేళ్లు పక్కన కూర్చుని తిన్నవాడికి!

ఉత్తరంగా చాలా దూరం వెళ్లాం. కారు జోయెల్ నడిపాడు, పాటలు కౌండిన్య పెట్టాడు, మలుపు మలుపుకీ నేను డిక్కీలో గుడారం కర్రలకి కొట్టుకుని సొట్టలు పడ్డాను. పైకెళ్లాక చూస్తే పచ్చిక మైదానం, చుట్టూ పైన్ చెట్లు, వరసగా రంగురంగుల గుడారాలు. బ్యాంకాక్‌లో మంచి ఏసీ గదులు వదిలేసి వచ్చి ఇక్కడ చలికి పళ్లు కటకటలాడిస్తూ "ఆహా, ఎంత ప్రశాంతం" అంటున్నారు మీవాళ్లు. పక్క గుడారంలో థాయ్ కుర్రాళ్లు నడుమ ఉబ్బిన పెనం మీద పందిమాంసం కాలుస్తూ, దాని అంచుల్లో సూప్ మరిగిస్తున్నారు. ఆ మైదానం మూల చిన్న దుకాణం పీ నోయ్‌ది. పీ అంటే అక్కడ అక్కా అని. చాపలు అద్దెకిస్తుంది, నూడుల్స్, సూప్ అమ్ముతుంది, వేన్నీళ్లు కాచి ఇస్తుంది, గట్టిగా పాటలు పెట్టినవాళ్లని కళ్లతోనే తిట్టి ఆపిస్తుంది. ఆ కొండ మీద నాకు నచ్చిన ఒకే ఒక్క మనిషి.

సాయంత్రం ఎండ వాలుతుండగా మనోజ్ఞ పప్పు కడిగి, నీళ్లు పోసి, మూత బిగించింది. విజిల్ కోసం సంచిలో చెయ్యి పెట్టింది. లేదు. సంచి బోర్లించి దులిపింది.

"గిదేంది? విజిల్ ఏది? నేనే వెట్టిన సంచిల, నా కండ్లతోని చూసిన!"

"అక్కడే మర్చిపోయుంటావులే," అన్నాడు కౌండిన్య, ఆకాశంలోకి చూస్తూ. "పోనీలే, ఆ దుకాణంలో ఏదైనా కొనుక్కుని తిందాం."

"ఇయ్యాల శనివారం రా! సూపుల కూడ చేప నీళ్లు పోస్తరు. నన్నేం తినమంటవ్, గడ్డి తినాల్నా?"

కౌండిన్య మొహం మాడిన పప్పు అడుగులా అయిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది మరి! ఆమె ఆకలితో ఉంటే, ఆ కోపంలో ఫ్లాట్ సంగతి ఎలా చెప్పడం? జోయెల్ వాడి వైపు, వాడు జోయెల్ వైపు చూసుకున్నారు.

"ఊరికే మూత పెట్టి ఉడకబెట్టు, ఉడికిద్దిలే," అన్నాడు జోయెల్.

"ఈ చలిల, ఈ చిన్న పొయ్యి మీద కందిపప్పా? తెల్లారుతది."

"ఆగవే, నేనున్నాగా!" అంటూ లేచాడు కౌండిన్య. ఇంజనీరు కదా! పక్క గుడారం నుంచి వెదురు పుల్ల ఒకటి పట్టుకొచ్చి, చెక్కి, నా ఆవిరి గొట్టంలో బిరడాలా దిగగొట్టాడు. అది ఊడిపోకుండా దాని మీద నుంచి గుడారం తాడు వేసి నా పిడులకి బిగించి కట్టాడు. "కొంచెం కొంచెం ఆవిరి లీకవుతుంటుంది. విజిల్ చేసేదీ అదే కదా," అన్నాడు.

"పేలదు గదా?"

"నీకన్నీ అనుమానాలే బాబూ."

పొయ్యి వెలిగింది. లీకయ్యేదేం లేదు. వెదురు తడికి ఉబ్బి గొట్టాన్ని ఇంకా గట్టిగా పట్టేసింది. లోపల నీళ్లు మరిగాయి, పప్పు కుతకుతలాడింది, ఆవిరి గోడలకేసి గుద్దుతోంది. సరే, రానీ అనుకున్నాను. కౌండిన్య నా పక్కనే గొంతుక్కూర్చుని ఫోన్‌లో నన్ను ఫోటో తీస్తున్నాడు. ఎదురుచూశాను. వాడి మొహం మీదకే పోవాలి, వాడి ముక్కే నా గురి. అబద్ధాలు చెప్పే ఆ నోట్లో నిండా వేడి పప్పు! నా బతుకంతటిలో ఇంత ఆనందంగా ఎప్పుడూ ఉడకలేదు.

వాడు లేచి పక్కకి పోయాడు. మనోజ్ఞ వచ్చింది.

"సప్పుడే లేదేంది?" అంటూ నా మీదకి వంగింది. సరిగ్గా వాల్వు మీదకి. వాల్వు కదలడం నాకు తెలుస్తోంది. పో అవతలికి, పోవే తల్లీ అని అరుద్దామంటే నాకు నోరు లేకుండా చేశారు కదా! వాల్వు చుట్టూ సన్నగా చిమ్మిన ఆవిరి ఆమె కళ్లజోడుకి పట్టింది, తుడుచుకుంటూ ఇంకా దగ్గరికి వంగింది.

తాడు పక్కన వాల్వులోంచి తన్నుకొస్తున్న ఆవిరిని కౌండిన్య చూశాడనుకుంటా. "మనూ!" అని ఒక్క కేక వేసి, ఆమె స్వెట్టర్ టోపీ పట్టుకుని వెనక్కి ఈడ్చాడు. అదే క్షణంలో వాల్వు ఊడింది. పసుపు పచ్చని పప్పు పైన్ కొమ్మ ఎత్తున లేచి గుడారం మీద, చాప మీద పడింది, పక్క కుర్రాళ్ల మాంసం పెనంలో పడింది, మనోజ్ఞని లాగిన కౌండిన్య చేతి మీద పడింది. మోచేతి నుంచి మణికట్టు దాకా.

పీ నోయ్ బకెట్టు నీళ్లతో పరిగెత్తుకొచ్చింది. మనోజ్ఞ మగ్గు లాక్కుని వాడి చేతి మీద నీళ్లు పోయడం మొదలుపెట్టింది. నీళ్లు ఒకే ధారగా పడుతున్నాయి.

"చాలే, ఇంకెంతసేపు పోస్తావు?"

"మూస్కొని కూసో."

వాడే ఉన్నట్టుండి అన్నాడు. "విజిల్ నేనే తీశా."

మగ్గు ఆగింది. మళ్లీ నీళ్లు పడ్డాయి. "ఎందుకు?"

"రెండ్రోజులు కుక్కర్ లేకుండా ఉందామని."

"గా ముచ్చట చెప్తే నేనే తేకపోదును గదా. నోరు లేదా నీకు?"

ఆ మాటకి జోయెల్ తట్టుకోలేకపోయాడు. "అదొక్కటే కాదు మనూ. వచ్చే నెల మేం ఫ్లాట్ మారతన్నాం. ఆఫీసు పక్కన. మేమిద్దరమే."

ఆమె ఎవరి వైపూ చూడలేదు. ఎర్రగా కమిలిన ఆ చేతినే చూస్తోంది.

"ఎప్పుడు అనుకున్నరు?"

"వానలప్పుడు," అన్నాడు జోయెల్, నేల చూపులు చూస్తూ.

"వానలప్పటి నుంచి రోజు నా డబ్బా పట్కపోయి తిన్నరు. బాగుండెనా పప్పు?"

కౌండిన్య చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు.

"తియ్యకు," అంది. "ఇంక మంట తగ్గలే."

బకెట్టు ఖాళీ అయింది. పీ నోయ్ ఇంకోటి తెచ్చింది. మనోజ్ఞ అదీ పోసింది. వాడు రెండు మూడు సార్లు సారీ అన్నాడు. ఆమె మగ్గు ముంచి పోస్తూనే ఉంది. తర్వాత మందు రాసి, మెత్తటి గుడ్డ కప్పి, వెళ్లి పీ నోయ్ దుకాణంలో కూర్చుంది. పీ నోయ్ ఇచ్చిన, బంకలా అతుక్కునే అక్కడి అన్నంలో ఆవకాయ కలుపుకుని తింది. ఆ రాత్రికి అక్కడే పడుకుంది.

తెల్లారాక కొండ కింద మబ్బుల సముద్రం పరుచుకుంది. జనమంతా అటు పరిగెత్తి ఫోటోలు దిగుతున్నారు. మనోజ్ఞ మాత్రం తన సంచి సర్దుకుంది. నన్ను తోమింది. సుగుణ కూడా ఎప్పుడూ తోమనంత బాగా తోమింది. తోమి, తీసుకెళ్లి పీ నోయ్ చేతిలో పెట్టి, వచ్చీరాని థాయ్‌లో ఏదో చెప్పింది. నాకు అర్థమైంది ఒక్కటే. ఇక ముగ్గురికి వండే పని లేదట.

పీ నోయ్ తమ్ముడు కూరగాయలకని ట్రక్కు తీస్తున్నాడు. మనోజ్ఞ ముందు సీట్లో కూర్చుంది. కట్టు కట్టిన చెయ్యి పట్టుకుని కౌండిన్య పరిగెత్తుకొచ్చాడు, వెనకాల జోయెల్.

"మనూ, ఆగవే. కలిసే వెళ్దాం. నేనూ ఎక్కుతా, జోయెల్ కారు తెస్తాడు. దార్లో మాట్లాడుకుందాం, ప్లీజ్."

"జాగ లేదు," అంది.

వాడు సీటు వైపు చూశాడు. నేనూ చూశాను. ఇంకో మనిషి హాయిగా కూర్చోవచ్చు. ఆమె తన సంచి తీసి ఆ ఖాళీలో పెట్టుకుంది. "కట్టు తడపకు," అని మాత్రం అని అద్దం పైకి లేపేసింది. ట్రక్కు మబ్బుల్లోకి దిగిపోయింది. వాళ్లిద్దరూ చాలాసేపు అక్కడే నిలబడ్డారు. చక్కగా నిలబడ్డారు, నేను తనివితీరా చూశాను.

మళ్లీ వాళ్లు కలిశారో లేదో నాకు తెలియదు. నాకు చెప్పేవాళ్లు లేరు. వాల్వు ఊడిన మూతని పీ నోయ్ పాత సామాన్లలో పడేసింది. నన్ను మాత్రం దుకాణం ముందు బొగ్గుల కుంపటి మీద పెట్టి రోజంతా మొక్కజొన్న కంకులు ఉడకబెడుతోంది. మూత లేదు కాబట్టి ఆవిరి వచ్చింది వచ్చినట్టే పోతుంది. లోపల ఏదీ నిలవదు. చివరికి కోపం కూడా. ఇలా బతకడం నాకేం నచ్చలేదు.

వారం వారం కొత్త జట్లు వస్తాయి. భుజాల మీద చేతులేసుకుని, "మనం ఎప్పటికీ ఇలాగే ఉండాలి రా" అని ఫోటోలు దిగి, చలికి వణుకుతూ నా చుట్టూ చేరి కంకులు అడుగుతారు. ఇస్తాను. కాకపోతే కాస్త పచ్చిగానే ఇస్తాను.